తగువు దొరికేదాకా ఆటకి పేరు పెట్టకండి

పాతపట్నంలో గాని, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గాని గీతలాటలు సేకరించి, ఏది ఎలా కట్టారో చూసి, రకాలుగా విడదీద్దామని బయల్దేరేవాళ్ళకి నా మొదటి సలహా: పటం వైపు చూడకండి. రెండోది: నియమాలు అడగకండి. ఆడేవాళ్ళు ఎక్కడ గొంతు పెంచుతారో అక్కడ చెవి పెట్టండి. ప్రతి ఆటలోనూ దానికే సొంతమైన తగువు ఒకటుంటుంది. ఆ తగువేదో తేలాకే ఆట ఏ రకమో రాసుకోండి. ఇది తలకిందుల పద్ధతి అని చదువుకున్నవాళ్ళు అంటారు. అననివ్వండి. మన ఆటలకి ఇదే సరైన పద్ధతి అని నా గట్టి నమ్మకం.

ఇప్పటిదాకా ఈ పని చేసినవాళ్ళు చిన్నవాళ్ళేం కారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే పెద్దకొడుకు హెచ్.జె.ఆర్. మర్రే 1913లో చదరంగం చరిత్ర రాశాడు, 1952లో తక్కిన బోర్డు ఆటలన్నిటికీ కలిపి ఇంకో పుస్తకం తెచ్చాడు. అందులో లోకంలోని ఆటల్ని ఐదు వర్గాలు చేశాడు: వరస కట్టేవి, యుద్ధాలు, వేటలు, పరుగుపందేలు, గుంటల్లో గింజలు పోసేవి. 1999లో డేవిడ్ పార్లెట్ అటూ ఇటూ మార్చి నాలుగు వర్గాలు చాలన్నాడు. 2019లో జెఫ్రీ ఎంగెల్‌స్టీన్, ఐజక్ షలేవ్ వర్గాల జోలికి పోకుండా ఆటలో పనిచేసే ఒక్కొక్క ఏర్పాటునీ విడగొట్టి నిఘంటువులా పేర్చారు. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో కామెరాన్ బ్రౌన్ బృందం 2018లో మొదలుపెట్టి, వెయ్యి పాత ఆటల్ని కంప్యూటరుకి అర్థమయ్యే ముక్కలుగా రాయాలని పెద్ద పని నెత్తికెత్తుకుంది. వీళ్ళందరి పుస్తకాలూ చదవండి. చదివి ఇంట్లో పెట్టి రండి.

ఎందుకంటే వీళ్ళందరూ ఒకే చోటినుంచి మొదలుపెడతారు. ఆట మొదలయ్యేసరికే నియమాలన్నీ తేలిపోయి ఉంటాయనుకుంటారు. అరుగు మీద ఆడే ఆటలో అలా ఉండదు. సగం నియమాలు ఆడుతుండగా తేలతాయి, అవీ కేకలతో తేలతాయి. ఇంకో సంగతి చూడండి. జనం ఊరికే ఏదో ఒకచోట తగువు పడరు. ఏ గింజ ఎవరు ముందు ఏరాలన్నదాని మీద ఎవరూ కొట్టుకోరు. ఎక్కడ ఒక్క మాట అటో ఇటో అయితే ఆట మొత్తం తిరగబడుతుందో, సరిగ్గా అక్కడే పట్టుబడతారు. ఆ ఆట బరువంతా ఏ దూలం మీద ఉందో వాళ్ళకి తెలుసు. మనం వెతకాల్సింది ఆ దూలాన్నే.

ఈ పనికి పాతపట్నం కంటే మంచి చోటు నాకు తోచదు. మహేంద్రతనయ ఒడ్డున ఇటు పాతపట్నం, అటు పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. గీత పడిందన్నమాటే గాని సంతలు, సంబంధాలు, నీలమణి దుర్గమ్మకి మొక్కులు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా 1900లో వేసిన చిన్న రైలుమార్గం ఈ ఊరి మీదుగానే వెళ్ళింది. తెలుగు, ఒడియా, సవర మూడూ చెవిన పడే చోటు. పర్లాకిమిడి నుంచి కోడలు వస్తే ఆమెతో పులిజూదం కూడా వస్తుంది, ఆ పులిజూదంలో ఒక నియమం వేరేగా ఉంటుంది, ఆ నియమం మీద ఆడపడుచుతో తగువవుతుంది. ఒకే రకం మనుషులు ఒకే రకంగా ఆడే ఊళ్ళో తగువులు తక్కువ, కాబట్టి మనకి దొరికేదీ తక్కువే.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్న తీరు గుర్తుచేసుకోండి. ఆ భాషకి అప్పటికి వ్యాకరణం లేదు, నిఘంటువూ లేదు. మాట్లాడేవాళ్ళ నోటినుంచి వినడమే మార్గం. అలా విని విని 1931లో సవర భాషకి మాన్యువల్, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. తెలుగు విషయంలోనూ ఆయన పట్టు అదే: జనం వాడుకలో ఉన్నదే ప్రమాణం. గీతలాటల దగ్గరికి ఆ పట్టుతోనే వెళ్ళాలని నేనంటాను. అరుగు మీద జరిగేదే ప్రమాణం, పుస్తకంలో ఉన్నది దానికి సాక్ష్యం మాత్రమే.

ఇక పని. తప్పుగా ఆడండి. “ఈ ఆట ఎలా ఆడతారండీ” అని అడిగితే ఏ తాతైనా ఓపిగ్గా పాఠం చెబుతాడు. ఆ పాఠంలో ఆయనకి నోటికి వచ్చింది ఉంటుంది, చేతికి వచ్చింది ఉండదు. అడగడం మానేసి, ఆటలో కూర్చుని, గీత లేని చోటుకి మేకని జరపండి. “అదేటి బావూ, అలగెల్తాదేటి? గీత నేదు కదా!” అని ఎదుటివాడు అంటాడు. ఇది ఒక చీటీ మీద రాసుకోండి. కాని మీరు వచ్చింది దీనికోసం కాదు. పక్కన గొంతుక్కూర్చుని చూసేవాడొకడు “ఎల్తాది, మా కంచిలి ఊరోళ్ళు అలాగే ఆడతారు” అంటాడే, ఆ రెండో గొంతు కోసం. అక్కణ్ణించి మీరు నోరు మెదపకండి. వాళ్ళిద్దరే అంతా చెప్పేస్తారు. ఒక ఆటకి ఒక్క తప్పు మించి చెయ్యొద్దు, ఎగతాళి చేస్తున్నారనుకుంటారు. ఆట అయ్యాక ఎందుకు అలా జరిపారో నిజం చెప్పెయ్యండి. పెద్దవాళ్ళ దగ్గర అది మర్యాద.

నా లెక్కలో తగువులు ముఖ్యంగా మూడు: గీత తగువు, పాటు తగువు, పిడికిలి తగువు. నాలుగోది చెయ్యి తగువు, అది చదరంగానిది.

గీత తగువుకి పెద్ద ఉదాహరణ పులిజూదం. దాన్ని దగ్గరగా చూద్దాం. మన వైపు ఎక్కువగా గీసే పటంలో పైన ఒక శిఖరం, దాన్నించి కిందికి నాలుగు ఏటవాలు గీతలు, వాటికి అడ్డంగా ఒక పెట్టె, పెట్టె మధ్యలో ఇంకో అడ్డగీత, అన్నిటికీ కింద పునాది గీత. కూడళ్ళు లెక్కపెట్టండి. శిఖరం ఒకటి, పెట్టెలోని మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, పునాది మీద నాలుగు, మొత్తం 23. పులులు మూడు, మేకలు 15. పులి పక్కనున్న మేక మీదుగా తిన్నగా అవతలి ఖాళీ కూడలికి దూకితే మేక పోతుంది. పులులన్నిటికీ కదలడానికి దారి లేకుండా చేస్తే మేకల గెలుపు.

మర్రే దీన్ని వేటల్లో పెడతాడు. పులి ఉంది, మేక ఉంది, కాబట్టి వేట. నేను అడిగేది వేరు. ఏ కూడలి మీద మేకకి చావు లేదు? పులి తిన్నగా దూకాలంటే మేకకి అటో కూడలి, ఇటో కూడలి ఒకే గీత మీద ఉండాలి. గీతలన్నీ అంతమైపోయే చోట కూర్చున్న మేకని ఏ పులీ ఏమీ చెయ్యలేదు. అలాంటివి పెట్టెకి నాలుగు మూలలు, పునాదికి రెండు చివరలు, పైన శిఖరం. 23లో ఏడు. ఇప్పుడు శిఖరం దగ్గర తగువు వినండి. ఒక ఏటవాలు గీత మీదున్న పులి శిఖరం మీది మేకని దాటి ఇంకో ఏటవాలు గీత మీదికి దిగొచ్చా? గీత అక్కడ వంగింది గదా, తిన్నగా ఎలా అవుతుంది అని ఒకరు. కొండెక్కి అవతల దిగినట్టేగా అని ఇంకొకరు. దిగొచ్చు అంటే శిఖరం మీద మేకకి రక్షణ పోయింది, ఏడు ఆరయ్యాయి. పోయిన ఒక్కటీ మామూలు మూల కాదు. నాలుగు దారులు కలిసే చోటు అదొక్కటే అలా మేకలకి కోటగా ఉంది. ఈ ఒక్క మాటతో మేకలు ఆడేవాడి ఎత్తుగడ మొత్తం మారిపోతుంది.

పులివైపు నుంచి కూడా అదే చోటు చూడండి. పెట్టె మూలలో ఇరుక్కున్న పులిని కట్టెయ్యడానికి నాలుగు మేకలు చాలు, పక్కన రెండు, వాటి వెనక రెండు. శిఖరం మీద కూర్చున్న పులిని కట్టెయ్యాలంటే ఎనిమిది కావాలి. ఉన్నవి పదిహేనే. మేకలకి కోటగా ఉన్న చోటే పులికీ అన్నిటికంటే గట్టి చోట్లలో ఒకటి. అందుకే అక్కడ కేకలు. ఏ పుస్తకం చదవకుండానే, ఎనిమిదేళ్ళ గుంటడు కూడా సరిగ్గా అదే చోట పట్టుబడతాడు.

పటం ఫోటో తియ్యకండి, గీయించుకోండి. ఫోటోలో పూర్తయిన గీతలుంటాయి, ఏది ముందు గీశారో ఉండదు. కొందరు పెట్టె ముందు గీసి దానిమీద ఏటవాలు గీతలు లాగుతారు. కొందరు శిఖరం ముందు పెట్టి నాలుగు గీతలు దించి, తర్వాత అడ్డగీతలు వేస్తారు. శిఖరంతో మొదలుపెట్టిన చెయ్యి తొందరలో పెట్టె పక్క గీతలు మరిచిపోయిందనుకోండి, 23 కూడళ్ళు కాస్తా 17 అవుతాయి, మేకకి చావులేని చోట్లు ఏడు కాస్తా మూడవుతాయి. గీసేవాడు ఆ పటం మీదే మేకలు ఆడడానికి కూర్చుంటే ఓడాక కారణం తెలీదు. మీకు తెలియాలంటే గీస్తున్నప్పుడే పక్కన ఉండాలి. సుద్దముక్కతో గీస్తే ఎలాంటి తేడాలు వస్తాయో, బొగ్గుతో గీస్తే ఎలాంటివి వస్తాయో కూడా రాసుకోండి. బొగ్గు గీత చెరిగినచోట తగువు పుడుతుంది. హంపిలో మండపాల నేల మీద చెక్కిన పటాలు ఉన్నాయి, రాతి గీత చెరగదు కాబట్టి అక్కడ గీత ఉందా లేదా అన్న తగువు ఉండే వీల్లేదు. ఒకే ఆట రాతి మీద ఒక రకం, మట్టి నేల మీద ఇంకో రకం. రెంటినీ కలిపి ఒకటే అని రాసినవాడు ఆటని చూడలేదు.

దాడి కూడా ఈ వర్గమే. మర్రే దాన్ని వరస కట్టే ఆటల్లో వేస్తాడు. పులిజూదం ఒక అధ్యాయంలో, దాడి వేరే అధ్యాయంలో. నా చీటీల కట్టలో అవి రెండూ పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో ఒకటి మూడు చదరాలు, 24 కూడళ్ళు, చెరి తొమ్మిది కాయలు, మూడు వరసగా పెడితే దాడి, ఎదుటివాడి కాయ ఒకటి తీసెయ్యొచ్చు. తగువంతా మూలల దగ్గర. మూలల్ని గీతతో కలపకపోతే 16 చోట్ల దాడి కట్టొచ్చు, కలిపితే 20. మూల గీతలు లేని పటానికి 1993లో రాల్ఫ్ గాసర్ కంప్యూటరుతో ఆఖరి లెక్క తేల్చాడు: ఇద్దరూ తప్పు చెయ్యకపోతే ఎవరూ గెలవరు. మంచి పని. అయితే మనం ముందు అడగాల్సింది ఆ ఇంట్లో మూల గీత ఉందా లేదా, మూడే కాయలు మిగిలినవాడు ఎక్కడికైనా ఎగరొచ్చా లేదా అని. అది తేలకుండా గాసర్ లెక్క ఆ అరుగుకి వర్తించదు.

తొక్కుడుబిళ్ళని కూడా ఈ కట్టలోనే పెట్టండి. ఇక్కడ నన్ను చాలామంది ఆపుతారు, అది గెంతే ఆట గదా, బోర్డు ఆట ఎలా అవుతుందని. గీసిన గళ్ళు ఉన్నాయి, బిళ్ళ ఉంది, వంతులున్నాయి, “గీత తొక్కావు”, “తొక్కలేదు” అన్న తగువు ఉంది. కాయ స్థానంలో మనిషే ఉంది. అంతే తేడా. గీత మీద పడితే ఏమవుతుందన్నదే ఆట ప్రాణమైతే, పులిజూదానికీ తొక్కుడుబిళ్ళకీ చుట్టరికం ఉంది. పులిజూదానికీ నక్క-బాతులు లాంటి సీమ వేటలకీ ఉన్న చుట్టరికం కంటే అది దగ్గరిది.

రెండోది పాటు తగువు, పందెం పడిందా పడలేదా అని. అష్టాచెమ్మాది ఇదే. ఐదైదులు ఇరవై ఐదు గళ్ళు. బయటి చుట్టు పదహారు, లోపలి చుట్టు ఎనిమిది, నడుమ పండే గడి ఒకటి. నాలుగు గవ్వలు గాని, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు గాని వేస్తారు. నాలుగూ తెలుపు పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నలుపు పడితే అష్ట, ఎనిమిది. రెండిటికీ మళ్ళీ పందెం. మర్రే పద్ధతిలో ఇది పరుగుపందెం, ఇంగ్లండులో 1890ల్లో పేటెంటు పొందిన లూడోకి దగ్గరి చుట్టం. గళ్ళ మీద కాయలు నడుస్తున్నాయని అలా అన్నారు. కాయల్ని వదిలి పిక్కల్ని చూడండి. ఒక పిక్క గచ్చు పగుల్లో అంచు మీద నిలబడింది. “తెలుపే, చెమ్మ పడినాది!” “పడనేదు, మళ్ళీ ఎయ్యి!” ఇదీ ఈ ఆట. నిలబడ్డ పిక్కని ఒక్కొక్క ఇంట్లో ఒక్కోలా తేలుస్తారు: నాలుగూ మళ్ళీ వేయించడం, ఆ ఒక్కటే వేయించడం, వేలితో తట్టి ఎటు పడితే అటు లెక్కించడం. మూడిట్లో ఏది అన్నది చీటీ మీద మొదటి వాక్యంగా రాయండి. గళ్ళ సంగతి తర్వాత.

ఇంకో సలహా కూడా పెడసరంగానే కనిపిస్తుంది: అష్టాచెమ్మాకి సంభావ్యత లెక్క కాగితం మీద వెయ్యకండి. పిక్కకి రెండువైపులా సమానంగా పడే గుణం ఉందనుకుంటే చెమ్మ పదహారింట ఒకటి, అష్టా పదహారింట ఒకటే. ఆ లెక్క అందరూ వేస్తారు. పదిలో ఆరుసార్లు తెలుపు పడే పిక్కలైతే? చెమ్మ నూటికి పదమూడుసార్లు పడుతుంది, అష్ట నూటికి మూడుసార్లు కూడా పడదు. ఎనిమిది అరుదైపోయింది, నాలుగు మామూలైపోయింది. ఒక ఇంట్లో పిక్కలు గట్టు మీద ఎంతసేపు అరగదీశారన్న దాన్నిబట్టి ఆట మారిపోతుంది. కాబట్టి ఒక్కొక్క ఇంటి పిక్కల జతని ఒక్కొక్క ఆటగా రాయండి. ఆ పిక్కలే వేయించి, వందసార్లు వేయించి, పడినవి పడినట్టు రాయండి. గవ్వలతో ఆడే ఇంటికి ఇంకో చీటీ. ఇలా రాస్తే అష్టాచెమ్మాలు లెక్కలేనన్ని అవుతాయని భయపడతారు. ఉన్నవి అన్నే. తక్కువ చేసి చూపించడం మన పని కాదు.

మూడోది పిడికిలి తగువు. వామనగుంటలకి ఇదే. ఏడేసి గుంటలు రెండు వరసలు, పద్నాలుగు గుంటలు. ఒక గుంటలో గింజలన్నీ తీసి ఒక్కోటీ వేసుకుంటూ పోవడం, ఖాళీ గుంట వచ్చినచోట దాని అవతలి గుంటలో ఉన్నవి కొట్టెయ్యడం. బల్ల చేప ఆకారంలో చెక్కతో చేయించుకున్నదైనా, నేలలో తవ్వుకున్నదైనా ఒకటే తగువు: ఎత్తకముందే లెక్కపెట్టుకోవచ్చా? చూపుతో లెక్కపెట్టొచ్చు, వేలితో కదపకూడదు అని కొందరు. గుంటలోంచి తీశాక చేతిలో బరువు చూసి మళ్ళీ పెట్టెయ్యొచ్చా? ఎదుటిమనిషి గుంటలో ఎన్ని ఉన్నాయని అడిగితే చెప్పాలా? ఈ ప్రశ్నలకి జవాబుల్నిబట్టి వామనగుంటలు పూర్తిగా లెక్కల ఆట కావచ్చు, పూర్తిగా అంచనా ఆట కావచ్చు. పటం మాత్రం రెండిటికీ ఒకటే. మాస్ట్రిక్ట్ వాళ్ళ కంప్యూటరుకి గుంటలో ఏడు గింజలంటే ఏడే. అరుగు మీద కూర్చున్న అమ్మమ్మకి అవి “ఆరో ఏడో”. ఆ అనుమానమే ఆటలో సగం. ఆడవాళ్ళ ఆట అని దీన్ని తేలిగ్గా తీసుకునే సేకరణలు చూస్తే నాకు కోపం వస్తుంది. పద్నాలుగు గుంటల్లో దొర్లే గింజల్ని మనసులో నిలుపుకుంటూ, అదే సమయంలో కూర తరిగే మనిషి బుర్ర కంటే పెద్ద యంత్రం ఏం కావాలి మనకి?

చెయ్యి తగువు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముట్టుకున్న పావు కదపాలా అక్కర్లేదా అన్నది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమావళిలో నాలుగో అధికరణంలో ఎక్కువ భాగం దీని గురించే. తగువులోంచే నియమం పుట్టిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వైకుంఠపాళి సంగతి వేరు. అది మన దగ్గర ముక్కోటి ఏకాదశికో శివరాత్రి జాగారానికో బయటికి తీసే పటం. దాని చుట్టాలే 1890ల్లో ఇంగ్లండు చేరి పాములూ నిచ్చెనలయ్యాయి. పందెం పడ్డట్టు కాయ నడుస్తుంది, ఆడేవాడు ఎంచుకునేది ఏమీ లేదు. పైదాకా వచ్చినవాణ్ణి పెద్ద పాము అడుక్కి దించేస్తే ఎవరితో తగువు పడతాడు? అందుకని వైకుంఠపాళిని నేను ఏ వర్గంలోనూ చేర్చను. దాన్ని బోర్డు ఆటల సేకరణలోంచి తీసి, పటాల సేకరణలో పెట్టాలి. బొమ్మలు అందంగా ఉన్నాయి, పాపపుణ్యాల పేర్లు ఉన్నాయి, చూడాల్సిన వస్తువే. ఆట మాత్రం కాదు. భక్తితో ఆడే పెద్దవాళ్ళు బాధపడతారని తెలిసే ఈ మాట అంటున్నాను. వాళ్ళకి అది జాగారం. జాగారానికి వర్గం అక్కర్లేదు.

ఎవర్ని అడగాలన్నది కూడా అందరూ చెప్పేదానికి వ్యతిరేకంగా చెబుతాను. గెలిచినవాణ్ణి అడగకండి. అతనికి నియమాలన్నీ న్యాయంగానే కనిపిస్తాయి. ఓడినవాణ్ణి, అదీ ఓడిన వెంటనే, అడగండి. ఏ నియమం వల్ల ఓడానని అనుకుంటున్నాడో అది ఎంత చిన్నదైనా విప్పి చెబుతాడు. పెద్దవాళ్ళని ఆఖర్న అడగండి, పిల్లల్ని ముందు అడగండి. పిల్లలు పాత నియమం పాడుచేశారని పెద్దలంటారు గాని, రెండు ఊళ్ళ నియమాలు ఒకే అరుగు మీద పడినప్పుడు మధ్యేమార్గం కట్టేది పిల్లలే. “మొదటాట మీ ఊరిది, రెండోది మాది” అని వాళ్ళు అనుకున్నది కూడా ఒక నియమమే. దాన్ని రాసుకునే పుస్తకం ఇప్పటిదాకా నాకు కనిపించలేదు. అందరికంటే ముఖ్యం పక్కన నిలబడి చూసేవాళ్ళు. ఎవరి వైపు మాట్లాడొచ్చు, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నది ప్రతి అరుగుకీ ఉంటుంది. పులిజూదంలో చూసేవాళ్ళు మేకల పక్షాన మాట్లాడడం సాగిపోతే, అక్కడ మేకలు ఆడేది ఒకడు కాదు, నలుగురు.

ఆట రెండువైపులా సమానంగా ఉందా అని కొలిచే పని పెట్టుకోకండి. పులులు ఎక్కువ గెలుస్తాయా, మేకలు ఎక్కువ గెలుస్తాయా అన్న చర్చ పట్నాల్లో ఆటలు తయారుచేసేవాళ్ళకి అవసరం. ఇక్కడ ఒకాట పులులు ఆడినవాడు రెండో ఆట మేకలు ఆడతాడు. ఇద్దరి మధ్యా లెక్క అలా సరిపోతుంది. రెండు ఆటల్ని ఒక ఆటగా రాయండి.

ఎవరు గెలిచారని కూడా రాయకండి. ఆట ఎందుకు ఆగిందో రాయండి. అన్నానికి పిలుపొచ్చిందా, కరెంటు వచ్చిందా, గింజ ఒకటి కోడి మింగేసిందా, ఒకరు అలిగి లేచిపోయారా? అలిగి లేస్తే ఏ ఎత్తు దగ్గర లేచారు? ఆ ఎత్తు మీ వర్గీకరణకి మూలస్తంభం. గెలుపుదాకా పోయే ఆటలు గెలుపుని బట్టి విడదీయొచ్చు. మన ఆటల్లో చాలా వాటికి గెలుపుదాకా తీరిక దొరకదు.

చీటీ ఎలా ఉండాలంటే: పైన తగువు, దాని కింద ఇద్దరి మాటలూ వాళ్ళన్నట్టే, యాసతో సహా, ఆ తర్వాత ఏ మాట నెగ్గితే ఆట ఎలా మారుతుందో మీ లెక్క, ఆఖర్న పటం. ఆట పేరు చీటీ వెనకవైపు. పేరు ముందుంటే మీ చెయ్యి దాన్ని పాత వర్గంలోకి లాక్కెళ్తుంది. ఒకే తగువున్న చీటీలు ఒక కట్ట, అవి పుట్టిన ఊళ్ళు ఎంత దూరమైనా సరే. పాతపట్నం చీటీ, మెళియాపుట్టి చీటీ, పర్లాకిమిడి చీటీ వేర్వేరు నియమాలు చెబితే వాటిని సరిచేసి ఒకటి చెయ్యొద్దు. అసలు నియమం ఇదీ అని మీరు రాసిన మరుక్షణం మిగిలినవాళ్ళంతా తప్పు ఆడుతున్నట్టు లెక్క. గ్రాంథికం మీద గిడుగు పంతులుగారు అంత పోరాడింది సరిగ్గా ఇలాంటి పనికి వ్యతిరేకంగానే.

ఈ శివరాత్రికి నాలుగు చింతపిక్కలు, ఒక సుద్దముక్క జేబులో వేసుకుని మీ ఊరికే వెళ్ళండి. పర్లాకిమిడి వైపు చుట్టరికం ఉన్న ఇల్లు చూసుకుని అరుగు మీద కూర్చోండి. శిఖరం మీద మేకని పెట్టి, పులితో దాని మీదుగా దూకించండి. కేకలు మొదలయ్యాక రాసుకోండి, ఎవరిది ఒప్పో మాత్రం మీరు చెప్పకండి.